మాట రాని బిడ్డ, మాటలు పడే అమ్మ

ఆటిజం ఉన్న పిల్లల తల్లులు అడిగిన ప్రశ్నలివి. పిల్లల సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ కలిసి జవాబులు రాశారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. మందుల మోతాదు మాత్రం అడగవద్దు. అది బిడ్డను చూసిన డాక్టరు చెప్పాల్సిన మాట.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. ఏడాదిన్నరప్పుడు అమ్మ, తాత, బువ్వ అనేవాడు. ఇప్పుడు అవీ అనడం లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఫోన్లో పాట వినబడితే మాత్రం పక్క గదిలోంచి పరిగెత్తుకొస్తాడు. వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకే మాటలొచ్చాయి, ఊరుకోమంటారు అత్తగారు. ఫోన్ అలవాటు చేసింది నువ్వేగా అంటారు మావారు. ఇంకొన్నాళ్లు చూడమంటారా?
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: చూడొద్దు. మాట ఆలస్యంగా రావడం వేరు, వచ్చిన మాట పోవడం వేరు. రెండోది కనిపిస్తే ఆ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వెళ్లేలోపు ఒకటి గమనించండి. ఆకాశంలో విమానమో గోడ మీద పిల్లో కనబడితే వేలు చూపించి, మీరూ చూస్తున్నారా లేదా అని మీ మొహంలోకి చూస్తాడా? బిస్కెట్ కోసం వేలు చూపించడం కాదు మేమడిగేది. తనకు నచ్చింది మీకు చూపించాలనే తపన ఉందా అని. మాట ఒక్కటే ఆలస్యమైన పిల్లల్లో సాధారణంగా ఇది ఉంటుంది. ఆటిజం ఉన్నవాళ్లలో ముందుగా లోపించేవాటిలో ఇదొకటి.

పాటకు వస్తున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయని తేల్చేయకండి. కొన్ని స్థాయుల శబ్దాలు వినబడి, కొన్ని వినబడకపోవచ్చు. వినికిడిని కొలిచే బెరా పరీక్ష చేయించండి. బిడ్డ నిద్రలో ఉండగా చేసే పరీక్ష ఇది. చాలామంది బిడ్డను కారులో హాయిగా పడుకోబెట్టి తీసుకెళ్తారు, అక్కడికి వెళ్లేసరికి లేచి కూర్చుంటాడు, పరీక్ష వాయిదా పడుతుంది. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, దారిలో నిద్రపోకుండా చూసుకోండి.

ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పత్రం ఉంది. 16 నుంచి 30 నెలల వయసు వరకే పనికొస్తుంది, మీ బాబుకి ఇంకా రెండు నెలల గడువుంది. 3 నుంచి 7 మార్కులొస్తే మరికొన్ని ప్రశ్నలడిగి తేలుస్తారు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షకు పంపుతారు. ఇది జల్లెడ మాత్రమే, ఆటిజం ఉందని తేల్చదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో నడిచే డీఈఐసీ కేంద్రాల్లో (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించే చోట్లు) ఈ పరీక్షలు, థెరపీ ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని నీపిడ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకూ వెళ్లొచ్చు, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పెట్టింది అది. ఆటిజం అవునో కాదో తేలేదాకా థెరపీ ఆపాల్సిన పని లేదు.

ఫోన్ సంగతి. రెండేళ్లలోపు స్క్రీనే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తగ్గించండి, ఆ సమయం మనుషులతో గడుస్తుంది. కానీ ఫోన్ వల్ల ఆటిజం రాదు. యూట్యూబ్‌లో మారుమోగుతున్న 'వర్చువల్ ఆటిజం' అనే జబ్బు డాక్టర్లు రోగనిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో లేనే లేదు. ఆరు నెలలు ఫోన్ ఆపి చూద్దాం అనుకున్న ఇళ్లలో ఆ ఆరు నెలలే వృథా అవుతున్నాయి. టీకా వల్లేనా అని కూడా ఇద్దరు తల్లులు అడిగారు. మీజిల్స్-రుబెల్లా రెండో డోసు 16–24 నెలల మధ్య వేస్తారు, మాటలు పోయేదీ తరచు ఆ వయసులోనే. అందుకే రెండూ ముడిపడినట్టు కనిపిస్తాయి. ఆ అనుమానం రేపిన 1998 నాటి లాన్సెట్ వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. టీకా వల్లా ఆటిజం రాదు. కాబట్టి ఫోన్ అలవాటు చేశావని మీవారు వేసిన నింద మోయాల్సిన అవసరం మీకు లేదు.

ప్రశ్న: పాపకి నాలుగున్నరేళ్లు, మాటలు లేవు. ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి గుంజుకుపోతది. స్పీచ్ థెరపిస్టు బొమ్మల కార్డులు మొదలుపెడదామన్నరు. కార్డులకు అలవాటు పడితే ఇగ మాట్లాడదేమోనని భయంగ ఉంది.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఈ భయం లేని తల్లి లేదు. కార్డుల వల్ల మాట ఆగిపోయిందని ఇన్నేళ్ల పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. కొంతమందిలో మాట పెరిగింది కూడా. పాప కార్డు ఇచ్చిన ప్రతిసారీ, తనకు అన్నిటికంటే కావలసిన క్షణంలో, ఆ వస్తువు పేరు వింటుంది. ఆ వినికిడి ఊరికే పోదు.

మీ థెరపిస్టు చెప్పింది బహుశా పెక్స్ పద్ధతి. 1985లో అమెరికాలో రూపొందింది. కార్డు చూపించడం కాదు, కార్డు తెచ్చి మనిషి చేతిలో పెట్టడం ఇందులో కీలకం. అంటే పాప మీ దగ్గరికి రావాలి.

ముందు పాప పడిచచ్చే వస్తువులు మూడు నాలుగు ఎంచుకోండి. సకినాలనుకుందాం. ఆ డబ్బా రోజంతా కళ్లబడకుండా దాచండి. ఎప్పుడంటే అప్పుడు దొరికేదాన్ని ఎవరూ అడగరు. మీ ఇంట్లో సకినానికే ఫోన్‌తో ఫొటో తీసి, రెండంగుళాల చదరంగా ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి, వెనక వెల్క్రో అంటించండి. ఇంటర్నెట్‌లో దొరికే కార్టూన్ బొమ్మ కంటే ఇదే మేలు.

మొదటి దశకు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. మీరు ఎదురుగా సకినం పట్టుకుని కూర్చోండి, మధ్యలో కార్డు ఉంటుంది. ఇంకొకరు పాప వెనక. మీరు 'ఏం కావాలి?' అని అడగకూడదు. పాప సకినం కోసం చెయ్యి చాచగానే, వెనకున్నవాళ్లు నోరు మెదపకుండా ఆ చేతిని కార్డు మీదికి మళ్లించి, తీయించి, మీ అరచేతిలో పెట్టించాలి. కార్డు చేతిలో పడీ పడగానే మీరు 'సకినం!' అంటూ ముక్క ఇచ్చేయాలి. ముక్క వేలి గోరంతే ఉండాలి, అప్పుడే మళ్లీ అడుగుతుంది. రోజు మొత్తం మీద ఇలా పదిహేను, ఇరవై సార్లు జరిగితే బాగుంటుంది, ఒకే విడతలో కాదు. వెనకున్నవాళ్లు సాయం తగ్గించేటప్పుడు చివరి నుంచి మొదటికి రావాలి. ముందు అరచేతిలో వదలడం పాపకే వదిలేయండి, తర్వాత చెయ్యి చాపడం, ఆఖరున కార్డు తీయడం.

రెండో దశ దూరం. మీరు అడుగు వెనక్కి, తర్వాత నాలుగడుగులు, తర్వాత వీపు తిప్పి, తర్వాత పక్క గదిలో. పాప కార్డు పట్టుకుని వెతుక్కుంటూ రావాలి. ఈ దశను తొందరగా దాటేసే ఇళ్లలో, ఎదురుగా కూర్చుంటేనే అడిగే పిల్లలు తయారవుతారు.

మూడో దశలో రెండు కార్డులు. ఒకటి సకినం, రెండోది పాపకు అక్కర్లేనిది, సాక్స్ లాంటిది. పాప సాక్స్ కార్డు ఇస్తే సాక్సే ఇవ్వండి. మొహం చిట్లిస్తుంది. ఆ చిట్లింపే పాఠం, తిట్టక్కర్లేదు, నవ్వక్కర్లేదు. సాక్స్ కార్డు ఇచ్చినా సకినమే ఇస్తే బొమ్మ చూడాల్సిన అవసరమేముంది ఆమెకు?

ఎక్కడ చెడుతుందంటే, కార్డుల పుస్తకం పోతుందని బీరువాలో పెడతారు. అది పాప చేతికందే ఎత్తులో ఉండాలి, ఊరెళ్తే వెంట రావాలి. మొదటి రోజే ఇరవై కార్డులు పరిచేస్తారు. మొదటి వారాల్లోనే 'ఇప్పుడు కాదు' అంటారు. కొత్తలో అడిగిన ప్రతిసారీ ఇవ్వాల్సిందే. వద్దనుకున్న వస్తువుకు ఆ కొన్నాళ్లు కార్డు చేయకండి. అన్నిటికంటే పెద్ద తప్పు, కార్డు ఇచ్చాక కూడా 'సకినం అను, అంటెనే ఇస్త' అని బిగబట్టడం. అడగడం వచ్చిన పిల్లను మళ్లీ చెయ్యి గుంజే దగ్గరికి తీసుకుపోయేది అదే.

వెనక కూర్చునే పని నాన్నదో నానమ్మదో కావాలి. ఒక్క అమ్మతోనే నేర్చుకుంటే అమ్మనే అడుగుతుంది, మీకు జ్వరమొచ్చిన రోజు ఇల్లు గోల. టాబ్‌లో మాట్లాడించే యాప్‌లూ ఉన్నాయి, చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటివి. అయితే ఆ టాబ్‌లో వీడియోలు ఉండకూడదు. ఉంటే అది టీవీ అవుతుంది.

ప్రశ్న: బాబుకి ఆరేళ్లు. ఒంటికి బాత్‌రూమ్‌కే వెళ్తాడు. రెంటికి మాత్రం డైపర్ తెచ్చి కట్టమంటాడు, కట్టేదాకా కాళ్లు బిగబట్టి నిలబడతాడు. కట్టకపోతే నాలుగు రోజులైనా వెళ్లడు. అప్పుడప్పుడూ చెడ్డీలో నీళ్లలా మరక పడుతుంది.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ మరక విరేచనం కాదు, మలబద్ధకం కావచ్చు. లోపల గట్టిపడిన మలం పక్క నుంచి పలచగా జారేది అలాగే ఉంటుంది. విరేచనాలనుకుని వాటి మందు వేస్తే ఇంకా బిగుస్తుంది. ముందు డాక్టరుకు చూపించండి. మలం మెత్తబడే మందు ఇస్తారు, అది వారాలు, ఒక్కోసారి నెలలు వాడాలి. రెండు సార్లు బాగా అవగానే ఆపేయడం వల్లే చాలా ఇళ్లలో కథ మొదటికొస్తోంది. నొప్పి పోకుండా ఏ శిక్షణా పనిచేయదు.

మీవాడు మొండితనంతో చేయడం లేదు. నిలబడి, ఒంటికి బిగువుగా ఏదో ఉంటేనే అతని శరీరానికి పని అవుతుంది. ఆ అలవాటును ఒక్కసారిగా లాగేయకుండా కొద్దికొద్దిగా మార్చాలి. డైపర్ ఇవ్వండి, కానీ కట్టుకునేది బాత్‌రూమ్‌లోనే. అది కుదిరాక కమోడ్ పక్కనే. తర్వాత మూత వేసిన కమోడ్ మీద డైపర్‌తోనే కూర్చుని. తర్వాత మూత తీసి, డైపర్‌తోనే. ఆ తర్వాత డైపర్ అడుగున రూపాయి బిళ్లంత కంత కత్తిరించండి. కంతను పెంచుకుంటూ పోతే ఆఖరికి నడుము పట్టీ మిగులుతుంది, దాన్నీ తీసేయొచ్చు. ఒక మెట్టు మీద మూడు నాలుగు సార్లు ఏడుపు లేకుండా జరిగాకే తర్వాతి మెట్టు. ఏడిస్తే ఒక మెట్టు దిగండి, ఫర్వాలేదు.

తిన్న పావుగంట నుంచి అరగంట లోపు పేగులు కదులుతాయి. కూర్చోబెట్టాల్సిన సమయం అదే, అయిదు నిమిషాలు, టైమర్ పెట్టి. కాళ్లు గాల్లో వేలాడితే ముక్కడానికి పట్టు దొరకదు. మోకాళ్లు నడుము కంటే కాస్త పైకి వచ్చేలా పీట వేయండి. ఫ్లష్ చప్పుడుకు భయపడే పిల్లలైతే వాళ్లు బయటికొచ్చాకే నొక్కండి. చన్నీళ్ల పైపు ఒక్కసారి కొట్టినా వారం పని పాడవుతుంది, మగ్గుతో గోరువెచ్చని నీళ్లు వాడండి.

ప్రశ్న: పెళ్లిళ్లకు పోలేకపోతున్నాం. బ్యాండ్ మొదలుకాంగనే బాబు (7) చెవులు మూసుకుని కింద పడి తల కొట్టుకుంటడు. నాలుగు తగిలిస్తే దారికొస్తడు, గారాబం చేసి చెడగొట్టినవ్ అంటరు చుట్టాలు.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: మారాం చేసే పిల్లవాడు మధ్యమధ్యలో ఓరకంట మిమ్మల్ని చూస్తాడు, అడిగింది దొరికితే ఏడుపు ఆపేస్తాడు. మీరు చెప్పేది అది కాదు, మెల్ట్‌డౌన్. అంటే చప్పుడు లాంటివి భరించలేక బిడ్డ అదుపు తప్పిపోవడం. ఆ సమయంలో ఏదిచ్చినా ఆగదు, కొడితే పెరుగుతుంది. చేయాల్సింది తక్కువ. చప్పుడు లేని చోటికి తీసుకెళ్లండి, తల కింద దిండో మడతపెట్టిన చున్నీయో పెట్టండి, చుట్టూ చేరినవాళ్లను పంపించండి, మాట్లాడకండి. ఓదార్పు మాటలు కూడా ఆ వేళ అతనికి చప్పుడే.

అసలు పని ముందే ఉంటుంది. గట్టిమేళం ఎప్పుడో అయ్యగారిని అడిగితే చెప్తారు. జీలకర్ర బెల్లం, తాళి వేళలకు ముందే బాబును బయటికి తీసుకుపోయే మనిషి ఎవరో ఇంట్లోనే తేల్చుకోండి. చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు, పిల్లల సైజువి, కొనండి. వాటిని పెళ్లిరోజే మొదటిసారి పెడితే విసిరేస్తాడు. ఇంట్లో రోజూ రెండు నిమిషాలు, మిక్సీ వేసేటప్పుడు అలవాటు చేయండి. గంటసేపు ఉండి, బాగున్నప్పుడే ఇంటికి బయల్దేరండి. గొడవయ్యాకే బయల్దేరితే గొడవే దారి అని అర్థమవుతుంది.

ఎప్పుడూ లేనిది కొత్తగా తల కొట్టుకుంటుంటే బ్యాండును తిట్టే ముందు చెవి, పళ్లు, కడుపు చూపించండి. నొప్పి చెప్పలేని పిల్లలు దాన్ని అలా చెప్తారు.

ఇంకొకటి, మీరు అడగనిది. ఆ సందడిలో బాబు కనబడకపోతే ముందు నీళ్ల వైపు పరుగెత్తండి. బావి, సంపు, చెరువు, ఫంక్షన్ హాలు ఈతకొలను. ఆటిజం పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఆకర్షణ, తప్పిపోయినప్పుడు ప్రాణాపాయం ఎక్కువగా అక్కడే. మిగతావాళ్లు గదులు వెతకొచ్చు. చొక్కా లోపలి వైపు మీ ఫోన్ నంబరు కుట్టించండి. పోలీసులకు 112.

ప్రశ్న: స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మాటలొస్తాయని ఒకచోట చెప్పారు. లక్షల్లో అవుతుందట. పొలం అమ్మడానికి మావాళ్లు సిద్ధం.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మొద్దు. ఆటిజానికి స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స పనిచేస్తుందని రుజువు లేదు. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని ఆమోదిత చికిత్సల జాబితాలో ఆటిజం లేదు. పరిశోధన కోసం చేసే ప్రయోగం, అంటే క్లినికల్ ట్రయల్‌గా తప్ప ఇవ్వకూడదని 2022లో డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ కూడా చెప్పింది. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. బిల్లు వేస్తున్నారంటే అది ట్రయల్ కాదు, అంతే లెక్క. ఒంట్లో విషలోహాలు తీస్తామనే కీలేషన్ జోలికీ పోకండి. 2005లో అమెరికాలో ఆ చికిత్స చేస్తుండగా అయిదేళ్ల బాబు చనిపోయాడు. గోధుమ, పాలు మానిపిస్తే తగ్గుతుందనేదీ నిలబడలేదు. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని పిల్లవాడికి ఆ పెరుగూ ఆపేస్తే బలహీనపడడం మాత్రం ఖాయం.

ప్రశ్న: వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుందని భయం. తీసుకుంటే ఏమొస్తుంది?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్‌తో వచ్చే సాయాల్లో దాదాపు అన్నిటికీ వైకల్యం 40 శాతం ఉండాలి. ఆ లెక్క ఆటిజం తీవ్రతను కొలిచే ఐసా అనే పరీక్షతో వేస్తారు. పైన చెప్పిన సికింద్రాబాద్ నీపిడ్ సంస్థ తయారుచేసిందే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 వస్తే 40 శాతం. మార్కు పెరిగేకొద్దీ శాతం పెరుగుతుంది.

ఇక్కడే తల్లులు నష్టపోతారు. డాక్టరు ముందు బిడ్డ పరువు నిలపాలని 'అన్నీ చేసుకుంటాడండీ' అంటారు. మీరు ముద్ద కలిపి, మూడుసార్లు చెప్పి, చెయ్యి పట్టి చేయించేది 'చేసుకోవడం' కాదు. సాయం లేకుండా ఏం చేయగలడో అదే చెప్పండి. మెల్ట్‌డౌన్, నిద్రలేమి, ఒంటరిగా తిరుగుతూ ఆడుకునే తీరు ఫోన్లో రెండేసి నిమిషాల వీడియోలు తీసి పట్టుకెళ్లండి. సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు రోజు బిడ్డ మహా బుద్ధిమంతుడిలా కూర్చోవచ్చు.

వికలాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయల పింఛను, మిగతా అర్హతలు కుదిరితే. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు హక్కు. పాత పన్ను విధానంలో ఉంటే పన్ను పడే ఆదాయంలోంచి 75,000, తీవ్రత 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు. ఆటిజం లాంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చుకూ కొంత వస్తుంది. ఏటా రెన్యువల్ మరిచిపోవద్దు.

18 నిండాక కన్నవాళ్లైనా చట్టరీత్యా వాళ్లంతట వాళ్లే సంరక్షకులు కారు. బ్యాంకులో, ఆస్తి దగ్గర అడ్డం పడేది అప్పుడే. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవల్ కమిటీకి, సంరక్షకులుగా నియమించమని దరఖాస్తు చేయాలి. ఇక ముద్ర సంగతంటారా, సర్టిఫికెట్ లేకపోయినా చుట్టాలు వేస్తూనే ఉన్నారు కదా.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. బాబుకి మూడేళ్లు నిండబోతున్నాయి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమన్నారు తెలిసినవాళ్లు.
– ఒక తల్లి, ఎడిసన్

జవాబు: మానొద్దు. రెండు భాషల ఇళ్లలోని ఆటిజం పిల్లలు ఒక భాష పిల్లల కంటే వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదు. మీకు సహజంగా వచ్చే భాషలోనే ముద్దు, కోపం, కబుర్లు వస్తాయి. అమ్మమ్మతో వీడియో కాల్ ఏ భాషలో మరి? మూడేళ్లు నిండితే, అంతకంటే చిన్న పిల్లలకిచ్చే ఎర్లీ ఇంటర్వెన్షన్ సాయం ఆగి బాధ్యత మీ ప్రాంతపు బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు మారుతుంది. మూల్యాంకనం కోరుతూ ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో చెబితే లెక్కలోకి రాదు. బాబు కోసం ప్రత్యేక చదువు ప్రణాళిక వేసే ఐఈపీ సమావేశానికి తెలుగు దుబాసీని కోరే హక్కు కూడా ఉంది.

ప్రశ్న: అమ్మాయికి పదకొండేళ్లు, కొద్దిగా మాటలున్నాయి. పెద్దమనిషి అయితే ఎలా చూసుకోవాలో తెలియడం లేదు. గర్భసంచి తీయించేస్తే గొడవ వదులుతుందని ఆడపడుచు అంటోంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఆ మాట ఇంకెవరి దగ్గరా అననివ్వకండి. పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ వికలాంగులకు వాళ్ల ఇష్టపూర్వక అంగీకారం లేకుండా చేయకూడదని 2016 చట్టంలోని 10వ సెక్షన్ చెబుతోంది. పైగా నెలసరిని శుభ్రంగా చూసుకోవడం ఈ పిల్లల్లో చాలామంది నేర్చుకోగలరు, ముందే మొదలుపెడితే.

ఇప్పటి నుంచే నెలలో రెండు మూడు రోజులు ఉత్త ప్యాడ్ పెట్టించండి. మొదట పది నిమిషాలు, తర్వాత గంట, తర్వాత బడి నుంచి వచ్చాక పడుకునేదాకా. కొందరికి ప్లాస్టిక్ గరగర, కొందరికి వాసన పడదు. రెండు మూడు రకాలు తెచ్చి తనకు ఏది ఓర్చుకోగలిగేలా ఉందో చూడండి. అంటించేది కుదరకపోతే నెలసరి కోసం వచ్చే లోదుస్తులున్నాయి. లోదుస్తుల మీద చెరగని పెన్నుతో ప్యాడ్ ఆకారం గీయండి, ఎక్కడ అంటించాలో చెప్పనక్కర్లేకుండా కనబడుతుంది. రక్తం చూసి దెబ్బ తగిలిందనుకునే పిల్లలు ఎక్కువ. ప్యాడ్ మీద ఎర్రరంగు చుక్కలు వేసి, మార్చి, చుట్టి, డబ్బాలో వేయడం ముందే చూపించండి.

'తడిసినప్పుడు మార్చుకో' అంటే అర్థం కాదు. గడియారం అర్థమవుతుంది. లేవగానే, బడికి వెళ్లే ముందు, మధ్యాహ్నం అన్నానికి ముందు, వచ్చాక, పడుకోబోయే ముందు. ఈ అయిదూ బొమ్మలుగా బాత్‌రూమ్ తలుపు లోపల అంటించండి. మార్చుకోవడం తలుపేసిన గదిలోనే అనేది మొదటి రోజు నుంచీ రూలు. తలుపు తీసి ఉండగా ఒక్కసారి మార్చినా రెండు రూళ్లున్నాయని నేర్చుకుంటుంది. బడిలో సాయం చేసే టీచరమ్మ ఒకరి పేరు తేల్చి, ఆవిడ దగ్గర రెండు ప్యాడ్లు, ఒక జత బట్టలు ఉంచండి.

ఓణీల ఫంక్షన్ చేయాలని పెద్దవాళ్లు పట్టుబడితే పట్టుచీర, మైకు, వంద మంది అక్షింతలు తను ఓర్చుకోగలదా అని ముందు ఆలోచించండి. ఇంట్లో నలుగురితో కానిచ్చినా శాస్త్రం తప్పినట్టు కాదు.

ఆ నాలుగైదు రోజుల ముందు నుంచీ కోపం, కొరుక్కోవడం పెరుగుతుంటే క్యాలెండర్ మీద రాయండి. రెండు మూడు నెలలు వరసగా అదే తేదీల దగ్గర కనిపిస్తే అది నొప్పి కావచ్చు, డాక్టరును అడిగి నొప్పి మందు ఇవ్వొచ్చు. రక్తస్రావం ఏడు రోజులు దాటినా, గంటకో ప్యాడ్ తడిసినా, చూపు ఒక్కచోట నిలిచిపోయి పిలిస్తే పలకని క్షణాలు కొత్తగా మొదలైనా ఆలస్యం చేయకుండా చూపించండి. ఆ చివరిది మూర్ఛ కావచ్చు. ఆటిజం ఉన్నవాళ్లలో ఈ వయసులో అది మొదలయ్యే అవకాశం ఉంది.